స్పానిష్‌లో ‘పట్టుకో’ అనే ముందు: ‘కొహెర్’ ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు

ఆఫీసు కాల్‌లో అవతల మెక్సికో వాళ్ళు ముగ్గురు. మీటింగ్ అయిపోయింది. నేను స్పానిష్ మొదలుపెట్టి ఏడు నెలలు, ఎక్కడో ఒక చోట వాడేయాలని నాలుక ఒకటే దురద. ‘టాక్సీ పట్టుకోవాలి, ఉంటాను’ అని చెప్పబోయి ‘బొయ్ అ కొహెర్ ఉన్ తాక్సి’ అన్నాను. ఒకాయన టక్కున మ్యూట్ చేసుకున్నాడు. ఒకావిడ కెమెరా ఆపేసింది. మూడో ఆయన పెద్దమనిషి, జాగ్రత్తగా వెళ్ళమన్నాడు గానీ భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి. టాక్సీతో నేను ఏం చేస్తానని చెప్పానో మర్నాడు మా టీమ్‌లో మాంటెర్రే వెళ్ళొచ్చిన అబ్బాయి తలుపు వేసి మరీ చెప్పాడు.

వ్యాకరణంలో తప్పేం లేదు. అదే వాక్యం మాడ్రిడ్‌లో అంటే ఎవరూ తలెత్తి కూడా చూడరు. స్పెయిన్‌లో ‘కొహెర్’ అంటే పట్టుకోవడం, తీసుకోవడం, అందుకోవడం. మెక్సికోలో అది పడగ్గది పని, అదీ మోటుగా చెప్పే మాట.

ఇలాంటివి మన దగ్గరా ఉన్నాయి. రాయలసీమలో మొరాయించిన బండిని ‘కాస్త దొబ్బండి’ అంటే నలుగురొచ్చి తోస్తారు. అదే మాట గోదావరి జిల్లాల్లో పెళ్ళిపందిట్లో అని చూడండి, ఆడవాళ్ళు అవతలికి వెళ్ళిపోతారు. కొహెర్ కథ కూడా ఇంతే, కాకపోతే సముద్రం దాటి జరిగింది.

స్పానిష్ నేర్చుకుంటూ, అటు స్పెయిన్ వాళ్ళతోనో ఇటు లాటిన్ అమెరికా వాళ్ళతోనో మాట్లాడే పని ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు మాటని తెలుగులో ఆలోచించండి

మనలో చాలామంది స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటాం. పుస్తకంలో ‘కొహెర్ అంటే టేక్’ అని ఉంటుంది, అలాగే బట్టీ పడతాం. తర్వాత బస్సు దగ్గర టేక్, జలుబు దగ్గర క్యాచ్, ఫోన్ దగ్గర పికప్, పెన్ను దగ్గర గ్రాబ్, జోకు దగ్గర గెట్ అని పుస్తకం మాట మార్చేసరికి తల తిరుగుతుంది. అన్నిటికీ స్పెయిన్ వాడు వాడేది ఒకటే కొహెర్.

తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ఉంది: ‘పట్టు’. బస్సు పట్టుకుంటాం, దొంగని పట్టుకుంటాం, చెయ్యి పట్టుకుంటాం, దారి పడతాం, జలుబు పట్టుకుంటుంది, ఎవరికైనా ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. వీటన్నిటిలో స్పెయిన్ స్పానిష్‌లో కొహెర్ దర్జాగా కూర్చుంటుంది. అందుకని కొత్త వాక్యం ఎదురైనప్పుడు ‘ఇక్కడ తెలుగులో పట్టు అంటామా’ అని ఒకసారి అడిగి చూసుకోండి. నూటికి నూరు పాళ్ళు కుదరదు. స్పెయిన్‌లో బరువు పెరగడానికి కూడా కొహెర్ వాడతారు, మనం బరువు పట్టుకోం. అయినా ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం కన్నా ఈ దారి నయం.

దీని పుట్టుక లాటిన్‌లోని ‘కొల్లిగెరె’, అంటే ఏరి పోగుచేయడం. ఇంగ్లీషు ‘కలెక్ట్’ కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఆ లెక్కన మన జిల్లా కలెక్టరు గారికీ ఈ మాటతో దూరపు చుట్టరికం ఉంది.

పలకడం, రాయడం సంగతి త్వరగా చెప్పేస్తాను. నేను ‘హె’ అని రాసినది స్పెయిన్‌లో గొంతులోంచి గరగరమంటూ వస్తుంది, కరీబియన్ దీవుల్లో మెత్తగా హకారంలా ఉంటుంది. నేను పట్టుకుంటాను అంటే ‘కొహో’, నువ్వు అయితే ‘కొహెస్’, అతను అయితే ‘కొహె’. రాసేటప్పుడు కొహెర్‌లోని ఆ ‘హె’కి జీ అక్షరం వాడతారు, ‘కొహో’లో మాత్రం జీ పోయి జే వస్తుంది. పరీక్షల్లో చాలామందికి మార్కు పోయేది ఇక్కడే. ‘కొహో’ అంటే కుంటివాడు అని కూడా అర్థం ఉంది, కంగారు పడకండి.

అవతలి మనిషి ఏ ఊరి వాడో కనుక్కోండి

స్పానిష్ 20 దేశాల్లో రాజభాషగా నడుస్తోంది. స్పెయిన్ జనాభా 5 కోట్లకు అటూఇటూ, ఒక్క మెక్సికోదే దాదాపు 13 కోట్లు. కాబట్టి మీ పుస్తకం స్పెయిన్‌లో అచ్చయినదైనా, మీరు మాట్లాడబోయే మనిషి అక్కడివాడు కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

మెక్సికో, మధ్య అమెరికా దేశాలు, వెనెజ్వెలా, బొలీవియా, పరాగ్వే, ఉరుగ్వే, అర్జెంటీనా: ఇక్కడ కొహెర్ నోట రానివ్వకండి. స్పెయిన్‌తో పాటు కొలంబియా, ఈక్వడార్, క్యూబా, ప్యూర్టో రికోలలో నిశ్చింతగా అనొచ్చు. కొలంబియాలో బస్సు ఎక్కేవాళ్ళు రోజుకి పదిసార్లు అంటారు. పెరూలో కూడా పెద్దగా ఇబ్బంది లేదు. చిలీ వాళ్ళు అర్థం చేసుకుంటారు గానీ వాళ్ళకి అలవాటైన మాట వేరే. డొమినికన్ రిపబ్లిక్‌లో రెండు అర్థాలూ వినిపిస్తాయి. అక్కడా, చుట్టుపక్కల దీవుల్లోనూ ‘కొహెలొ స్వావె’ అంటే ‘టెన్షన్ పడకు, నెమ్మదిగా కానీ’ అని. ఎవరైనా మీతో అలా అంటే సిగ్గుపడాల్సిన పనేం లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో లెక్క. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఇంటి పైకప్పు బాగుచేయడానికి వచ్చే మేస్త్రీ మెక్సికో మూలాలున్నవాడు అయ్యుంటాడు. మయామీలో అయితే క్యూబా వాళ్ళు, న్యూయార్క్‌లో ప్యూర్టో రికో, డొమినికన్ వాళ్ళు ఎక్కువ. టెక్సస్‌లో నోరు జారితే పడే ఇబ్బంది మయామీలో ఉండదు.

‘మీది ఏ దేశమండీ’ అని అడగడం కన్నా తేలికైన మార్గం చెవులు రిక్కించడం. ఫోన్ ఎత్తగానే ‘బ్వెనొ’ అంటే మెక్సికో, ‘దీగమె’ అంటే స్పెయిన్, ‘అలో’ అంటే కొలంబియా, పెరూ, చిలీ వైపు. థాంక్స్ చెప్పేటప్పుడు ‘గ్రాథ్యాస్’ అని నాలుక పళ్ళ మధ్య పెడితే స్పెయిన్, ‘గ్రాస్యాస్’ అంటే దాదాపుగా అట్లాంటిక్‌కి అవతల. ‘నువ్వు’ అనడానికి ‘తూ’ బదులు ‘బొస్’ అంటుంటే, అందులోనూ ‘యా’ని ‘షా’ అని పలుకుతుంటే బ్వేనస్ ఐరిస్ మనిషి అనుకోవచ్చు. స్నేహితుల గుంపుని పట్టుకుని ‘బొసోత్రొస్’ అనేది స్పెయిన్ వాళ్ళే. లాటిన్ అమెరికాలో ఎంత దగ్గరి స్నేహితులైనా ‘ఉస్తేదెస్’ అనే అంటారు.

ఇంతలో ఏదీ తేలకపోతే ‘తొమార్’ వాడుకోండి. ఏ దేశంలోనూ పరువు తీయని మాట అది.

ఏ వస్తువుకి ఏ మాట

అసలు పని ఇక్కడుంది. ‘కొహెర్ బదులు తొమార్’ అని ఒక్క ముక్కలో నేర్పేవాళ్ళు ఉన్నారు. అది సగమే సాయం. స్పెయిన్‌లో ఒక్క క్రియ చేసే పనిని లాటిన్ అమెరికాలో ఐదారు క్రియలు పంచుకుంటాయి. ఏది వాడాలన్నది మీరు పట్టుకునే వస్తువుని బట్టి ఉంటుంది.

బస్సు, రైలు, టాక్సీకి తొమార్. స్పెయిన్‌లో ఇది కాస్త పుస్తకం వాసన కొడుతుంది గానీ తప్పేం కాదు. బస్సు పేరు మాత్రం దేశానికొకటి. మెక్సికోలో ‘కమ్యోన్’, అదే మాట స్పెయిన్‌లో లారీ. అర్జెంటీనాలో ‘కొలెక్తీవొ’, ముద్దుగా ‘బోందీ’. చిలీలో ‘మీక్రొ’. క్యూబా, ప్యూర్టో రికో, ఆఖరికి స్పెయిన్ కిందే ఉన్న కెనరీ దీవుల్లోనూ ‘గ్వాగ్వా’. చిలీ, బొలీవియా వైపు గ్వాగ్వా అంటే చంటిపాప, దక్షిణ అమెరికా ఆదివాసుల కెచ్వా భాష నుంచి వచ్చిన మాట. క్యూబా మనిషి పొద్దున్నే ‘గ్వాగ్వా కొహెర్ చేయాలి’ అంటే పాపం బస్సు కోసం పరుగెడుతున్నాడు. బొలీవియా మనిషి ఆ మాట విని ఏమనుకుంటాడో మీ ఊహకే వదిలేస్తున్నాను.

బస్సు మీదే ఒక పాత జోకు ఉంది. బ్వేనస్ ఐరిస్‌లో దిగిన స్పెయిన్ మనిషి దారిన పోయే ఆయన్ని ‘బస్సుని ఎక్కడ కొహెర్ చేయొచ్చండీ’ అని అడుగుతాడు. ఆయన కాసేపు ఆలోచించి, ‘సైలెన్సర్ దగ్గర తప్ప ఇంకెక్కడ కుదురుతుందండీ’ అంటాడు.

పెన్ను, గ్లాసు, తాళాలు చేతిలోకి తీసుకోవడానికి ‘అగర్రార్’. మెక్సికోలో, అర్జెంటీనాలో రోజువారీ మాట ఇదే. అలవాటయ్యాక స్పెయిన్ వెళ్ళి ‘ఆ పెన్ను అగర్రార్ చెయ్’ అంటే మాత్రం, పారిపోతుందా అన్నట్టు గట్టిగా పిడికిట్లో బిగించమన్నట్టు వినిపిస్తుంది. ఇంట్లోంచి గొడుగు తీసుకెళ్ళమని చెప్పాలంటే వీటిలో ఏదీ కాదు, ‘యెవార్’ వాడాలి. ఇంగ్లీషులో ఇదీ టేకే, కానీ తెలుగులో ‘తీసుకో’ వేరు, ‘తీసుకెళ్ళు’ వేరు. మనకి అర్థం కావడం తేలిక.

ఫోన్ ఎత్తడానికి స్పెయిన్‌లో కొహెర్, మెక్సికోలోనూ చాలా చోట్లా ‘కొంతెస్తార్’, అర్జెంటీనాలో ‘అతెందెర్’. కాల్ సెంటర్లో పనిచేసేవాళ్ళు ఈ మూడూ గోడ మీద రాసి పెట్టుకోవాలి. ‘మీ కాల్ నేను తీసుకుంటాను’ అన్నది రోజూ అనాల్సిన మాట కదా.

బంతిని పట్టుకోవడానికి అన్నిచోట్లా పనికొచ్చేది ‘అత్రపార్’. మెక్సికోలో ‘కచార్’ అంటారు, ఇంగ్లీషు క్యాచ్‌ని ఇంటికి తెచ్చుకుని పెంచుకున్నట్టే ఉంటుంది వినడానికి. చిలీలో కచార్ అంటే అర్థమవడం, వాక్యానికో ‘కచాయ్?’ తగిలిస్తారు, మనం ‘అర్థమైందా?’ అన్నట్టు. పెరూలో మాత్రం జాగ్రత్త. మెక్సికోలో కొహెర్‌కి ఉన్న చెడ్డపేరు అక్కడ కచార్‌కి ఉంది. దొంగని పట్టుకోవడానికి కూడా అత్రపార్, అగర్రార్ రెండూ నడుస్తాయి.

జలుబు విషయంలో మెక్సికో వాళ్ళు ‘మె ద్యో గ్రీపా’ అంటారు, నాకు జలుబు ఇచ్చింది అన్నట్టు. ఎవరిచ్చారని అడక్కండి. అన్నిచోట్లా చెల్లే మాట ‘రెస్‌ఫ్రియార్సె’. పూలు కోయడానికి ‘కొర్తార్’, అంటే కోయడమే. ఇక్కడ తెలుగూ స్పానిషూ ఒకే దారిన వెళ్తాయి. ‘రెండో సందు కుడివైపు పట్టుకో’ అని దారి చెప్పేటప్పుడు మెక్సికోలో ‘దార్ వ్వెల్తా’, అర్జెంటీనాలో ‘దొబ్లార్’. రెండూ మలుపు తిరగడమే.

ఇక అన్నిటికన్నా ప్రమాదమైనది: మనిషి. ‘ఎనిమిదింటికి నిన్ను పికప్ చేసుకుంటా’ అనే వాక్యంలో కొహెర్ పడితే దిద్దుకోవడానికి కూడా ఏం మిగలదు. టాక్సీతో అంటే నవ్వుకుని వదిలేస్తారు, మనిషితో అంటే వదలరు. మెక్సికోలో ‘పాసొ పొర్ తీ’, నీ కోసం వస్తాను. అర్జెంటీనాలో ‘తె పాసొ అ బుస్కార్’. ఈ రెండూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా నోటికి రావాలి.

ఇంకొక చిన్న ముక్క. స్పెయిన్‌లో ‘కొహ్యో ఈ సె ఫ్వె’ అంటారు. ఏమీ పట్టుకోలేదు, ఊరికే ‘టక్కున లేచి వెళ్ళిపోయాడు’ అని. అర్జెంటీనా వాళ్ళు దీన్ని ‘అగర్రో ఈ సె ఫ్వె’ అంటారు. కబుర్లలో అయితే ‘అగర్రే ఈ లె దీహె’, అంటే ‘నేను ఊరుకుంటానా, అనేశా’ అన్న ధోరణిలో, ఆగకుండా వస్తుంది. పుస్తకాల్లో ఇది దొరకడం కష్టం, వినగా వినగా తెలుస్తుంది.

ఒక పొద్దుటిని నాలుగు దేశాల్లో రాయండి

నాకు బాగా పనికొచ్చిన సాధన ఇది. తెలుగులో ఒక చిన్న పేరా రాసుకోండి: ‘తాళాలు తీసుకున్నాను, బస్సు పట్టుకున్నాను, దార్లో ఫోన్ మోగితే ఎత్తాను, సాయంత్రానికి జలుబు పట్టుకుంది.’ స్పెయిన్‌కి రాస్తే నాలుగు చోట్లా ‘కొహీ’ (పట్టుకున్నాను) వేసి చేతులు దులుపుకోవచ్చు.

మెక్సికోకి మార్చండి: తాళాలకి ‘అగర్రే’, బస్సుకి ‘తొమే ఎల్ కమ్యోన్’, ఫోన్‌కి ‘కొంతెస్తే’, జలుబుకి ‘మె ద్యో గ్రీపా’. అర్జెంటీనాకి: ‘అగర్రే’, ‘మె తొమే ఎల్ కొలెక్తీవొ’, ‘అతెందీ’, ‘మె రెస్‌ఫ్రియే’. కొలంబియాలో మళ్ళీ ‘కొహీ లాస్ యావెస్’, ‘కొహీ ఎల్ బుస్’ తిరిగొస్తాయి, ఫోన్‌కి మాత్రం ‘కొంతెస్తే’, జలుబుకి ‘మె ద్యో గ్రీపా’. ఒక గంట కూర్చుని ఇలా రాస్తే, పట్టికలు బట్టీ పట్టినదానికన్నా ఎక్కువ రోజులు గుర్తుంటుంది. తర్వాత మీ రోజువారీ పనులతో ఇంకో పేరా రాసుకోండి. ఆఫీసులో మీరు నిజంగా అనే వాక్యాలే తీసుకోండి, అద్దం ముందు తప్ప ఇంకెక్కడా అనని వాక్యాలు వద్దు.

అనుమానం వస్తే మాడ్రిడ్‌లో 1713లో పుట్టిన స్పానిష్ రాయల్ అకాడమీ (రియాల్ అకాదేమ్యా ఎస్పన్యోలా) వాళ్ళ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. కొహెర్ దగ్గర అర్థాలు ముప్పై దాకా ఉంటాయి, భయపడకండి. ఒక్కో అర్థం ముందు పొట్టి అక్షరాలు ఉంటాయి, చూడాల్సింది అవే. ‘మెహ్.’ అంటే మెక్సికో, ‘ఆర్గ్.’ అంటే అర్జెంటీనా, ‘మల్సొన్.’ లేదా ‘వుల్గ్.’ అంటే బూతు కింద లెక్క. దేశం గుర్తు, బూతు గుర్తు పక్కపక్కన కనిపిస్తే ఆ అర్థాన్ని చదివి, ఆ దేశంలో ఆ మాటని మింగేయండి.

చుట్టపు మాటలకి భయపడొద్దు

కాల్లో పరువు పోయాక నేను కొన్నాళ్ళు ‘కొహెర్’ శబ్దం ఉన్న ఏ మాటకీ దగ్గరికి వెళ్ళలేదు. అది అనవసరం. ‘రెకొహెర్’ అంటే ఏరడం, సర్దడం, వెళ్ళి తెచ్చుకోవడం. పార్సిల్ రెకొహెర్ చేసుకుంటానని మెక్సికోలో నిక్షేపంగా అనొచ్చు. ‘ఎస్కొహెర్’ ఎంచుకోవడం, ‘అకొహెర్’ ఆదరించి చేర్చుకోవడం, ‘ఎంకొహెర్’ ఉతికిన చొక్కా కుంచించుకుపోవడం. ఇవేవీ బూతులు కావు. అర్జెంటీనా కుర్రాళ్ళు రెకొహెర్‌ని విడగొట్టి వెకిలి జోకులు వేస్తారు, వేయనివ్వండి.

చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. స్పెయిన్ పత్రికల్లో ఎద్దుల పోరు వార్తల్లో ‘కొహీదా’ కనిపిస్తుంది. ఎద్దు మనిషిని కొమ్ములతో కుమ్మేయడం అని అక్కడ అర్థం, ఇంగ్లీషులో గోర్. మెక్సికో అర్థంతో ఆ వార్త చదివితే ఎద్దు మీద లేనిపోని అభాండం వేసినవాళ్ళమవుతాం.

అలాగని తొమార్ కూడా పూర్తిగా అమాయకమైనది కాదు. లాటిన్ అమెరికాలో ఏమి అన్నది చెప్పకుండా ‘ఎల్ తొమా’ అంటే ‘ఆయన పుచ్చుకుంటాడు’. ఏం పుచ్చుకుంటాడో మనకి చెప్పనక్కర్లేదు, తెలుగులోనూ ‘మీరు తీసుకుంటారా’ అని గొంతు తగ్గించి అడిగితే మజ్జిగ గురించి కాదు కదా. అందుకని ‘తొమాస్?’ అని ఎవరైనా అడిగితే, మీరు ఏం అనుకుని తల ఊపుతున్నారో చూసుకుని ఊపండి.

నోరు జారితే

జారుతుంది. ఏడు నెలలు కాదు, ఏడేళ్ళు నేర్చుకున్నా జారుతుంది. వివరణ మొదలుపెట్టకండి. ‘స్పెయిన్‌లో దీనికి అర్థం వేరండీ, మా పుస్తకంలో’ అని సంజాయిషీ చెప్పినకొద్దీ ఆ మాటే ఇంకో నాలుగుసార్లు నోట్లోంచి వస్తుంది. ‘పెర్దోన్, తొమార్’ అని ఒక్కసారి దిద్దుకుని, వాళ్ళతో పాటు నవ్వేసి, వాక్యం పూర్తి చేయండి. స్పెయిన్ వాళ్ళు ఇలా మాట్లాడతారని సినిమాలు చూసిన మెక్సికో వాళ్ళందరికీ తెలుసు. మీకు దురుద్దేశం ఉందని ఎవరూ అనుకోరు, కాకపోతే మర్చిపోరు.

ఎదురువైపు ఇంకో తప్పు ఉంది, ఇది నవ్వులతో పోదు. కొలంబియా ఆవిడో స్పెయిన్ ఆయనో కొహెర్ అన్నప్పుడు కిసుక్కున నవ్వడం, ‘అది బూతు కదండీ’ అని వాళ్ళ భాష వాళ్ళకే దిద్దబోవడం. ఆ పని నేనూ ఒకసారి చేశాను. ఆవిడ బొగొటా మనిషి, నన్ను ఎగాదిగా చూసి, ‘మా అమ్మ కూడా బస్సు అలాగే ఎక్కుతుంది’ అంది.

మెక్సికో ఆయన మాత్రం ఇప్పటికీ శుక్రవారం కాల్ చివర్లో అడుగుతూనే ఉంటాడు, నాకు టాక్సీ దొరికిందా అని. బస్సులోనే వెళ్తున్నానని చెప్తుంటాను, ‘తొమార్’ని కాస్త ఒత్తి పలుకుతూ.